నొప్పి లేదని రాసుకున్న రోజు

పాముల మీద పరిశోధన చేశానని చెబితే చాలామంది నన్నేదో గుండెధైర్యం గల మనిషిగా చూస్తారు. ఆ పొరపాటు మొదటే తీసేయడం మంచిది. నేను కొడవలూరు పక్క వరిపొలాల్లో పెరిగినవాణ్ణి. మడిలో నీరుకట్టు పాము కాలికి అడ్డం పడితే తోక పట్టి గట్టవతలికి విసిరేయడం మా వైపు పిల్లలందరికీ వచ్చిన విద్యే. నాకూ వచ్చు. కానీ విసిరేశాక గట్టు మీద చతికిలబడి కాసేపు వణికే అలవాటు మాత్రం నా ఒక్కడిదే.

అరవైల మొదట్లో ఎమ్మెస్సీ పూర్తయ్యాక మా ప్రొఫెసరు గారు నా డాక్టరేటుకు ఇచ్చిన విషయం నెల్లూరు తీరంలో వలల్లో పడే సముద్రపు పాములు. అవి ఏం తింటాయి, ఏ నెలల్లో పిల్లల్ని పెడతాయి, ఏ లోతు నీళ్ళలో తిరుగుతాయి, ఇదీ పని. "మీ జిల్లానే కదా, నీకు అక్కడి భాషతో ఇబ్బంది ఉండదు, పాములంటే భయమూ ఉండదు" అన్నారాయన. మొదటిది నిజమే. రెండోదాన్ని సరిదిద్దే ధైర్యం లేక తలూపి వచ్చేశాను.

కోట అనే ఊరికి తూర్పుగా, సముద్రానికి రెండు మైళ్ళు ఇవతల ఒక ఊళ్ళో గది తీసుకున్నాను. ఇల్లు గలాయన చిల్లర కొట్టు సాయిబు గారు. ఆయన కొట్లో ఖాళీ అయిన పిప్పరమెంటు సీసాల్లోనే నా పాములు ఫార్మలిన్‌లో మునిగి ఉండేవి. ఆ వాసనకు ఆయన ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని నడిచేవాడు గానీ ఒక్కనాడూ గది ఖాళీ చెయ్యమనలేదు. గదికీ సముద్రానికీ మధ్య ఉప్పు కాలువ ఉంది. దాన్ని పడవలో దాటితే సరుగుడు తోపు, తోపు దాటితే ఇసుక, ఇసుక చివర బెస్తవాళ్ళ పాలెం.

ఆ పాలెంలో వలలో చేపలతో పాటు పాము వస్తే చంపరు. పాము అని పేరు కూడా ఎత్తరు, పురుగు అంటారు. వెదురుపుల్ల మీదికి ఎత్తి, "పో తల్లీ, నీ దోవన నువ్వు పో" అని నీళ్ళలోకి వదిలేస్తారు. అలాంటి చోటికి వెళ్ళి, వాటిని ఒడ్డుకు తెచ్చివ్వండి, కోసి కడుపులో ఏముందో చూసుకుంటాను అని అడిగినవాణ్ణి నేను. పాలెం పెద్ద మొహం మీదే కుదరదన్నాడు. నా తరఫున ఒకే ఒక్క మనిషి మాట్లాడాడు. యాభై దాటినవాడు, ఎండకు మాడి గట్టిపడ్డ ఒళ్ళు, మెల్లగా మాట్లాడే మనిషి. ఆయన్ని నేను మామా అని, ఆయన భార్యను అత్తా అని పిలిచేవాణ్ణి. వాళ్ళకు నేను నాయనా.

"చదువుకునే పిల్లోడు. వాడి చదువంతా దీంట్లోనే ఉండాదంట. ఏమన్నా అయితే నేను పూచీ" అన్నాడట మామ. పాలెం పెద్ద చివరికి ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. ఆ పురుగుల వల్ల పాలెంలో ఎవరికన్నా ఏమన్నా అయిందో, ఈ పిల్లోడు మళ్ళీ కాలవ దాటి రాకూడదు.

అది మొదలు ఏడెనిమిది నెలలు మామ నాకు పాముల్ని పట్టిచ్చాడు. వెడల్పు మూతి కుండలో వేసి, పైన గుడ్డ కట్టి, నా ముందు పెట్టేవాడు. నేను నోటుబుక్కు పట్టుకుని పది బారల దూరంలో నిలబడి తారీఖు, సమయం, ఏ వల అన్నది రాసుకునేవాణ్ణి. తెగకుండా, నలగకుండా కావాలి మామా అని మాత్రం రోజూ చెప్పేవాణ్ణి. పాము నలిగితే కడుపులోది పాడవుతుంది, నా లెక్క తప్పుతుంది.

చలి తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక ఉదయం అలివి వల లాగారు. ఒడ్డున రెండు జట్లు రెండు తాళ్ళు పట్టుకుని లాగే పెద్ద వల అది. చేపల కుప్ప ఇసుక మీద పడగానే అందులో ఒక పాము మెలికలు తిరుగుతూ కనిపించింది. మామ పుల్లతో ఎత్తాడు. అది జారి మళ్ళీ కుప్పలో పడింది. చుట్టూ జనం, అందరివీ ఉత్త కాళ్ళు, ఎవరో ఒకరు తొక్కేట్టున్నారు. మామ వంగి దాన్ని చేత్తో తీసి కుండలో వేశాడు. గుడ్డ కట్టాకే ఎడమ బొటనవేలి మొదలు చూసుకున్నాడు. రెండు చిన్న ఎర్రచుక్కలు.

"కరిచిందా మామా?" అన్నాను.

"గీరింది నాయనా. ముల్లు గుచ్చుకున్నంత కూడా లేదు."

నేను దగ్గరికి వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుని చూశాను. వాపు లేదు, రంగు మారలేదు. గడియారం చూస్తూ పావుగంట ఆగాను. మా పొలాల వైపు రక్తపింజర కరిస్తే కాలు అరటిబోదెలా అవుతుంది, తాచు కరిస్తే మంటకు మనిషి నిలవలేడు. చిన్నప్పటి నుంచీ కళ్ళారా చూసిన సంగతులు. ఇక్కడ నొప్పే లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. భయం పోయిన పిరికివాడికి వచ్చే పెద్దరికం ఒకటుంటుంది, అది నాకు వచ్చేసింది. జనమంతా వినేట్టు చెప్పాను.

"ఏం కాదు మామా. విషం ఎక్కి ఉంటే ఈపాటికి చెయ్యి వాచి ఉండేది. నువ్వు పని చేసుకో."

అత్త అప్పటికే గుడిసె నుంచి పచ్చిమిరపకాయ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. పురుగు ముట్టినవాడికి మిరపకాయ నమిలిస్తారు. కారం తెలిస్తే విషం ఎక్కలేదని, తెలియకపోతే ఎక్కిందని లెక్క. "అవన్నీ ఎందుకత్తా" అని నేను నవ్వాను. మామ ఆమె కోసం సగం కొరికి, "కారంగానే ఉండాదిలే" అని, రెండో విడత వల తాడు పట్టుకోవడానికి వెళ్ళిపోయాడు. నేను కుండ తీసుకుని గదికి వచ్చేశాను.

పాముకు ఈథర్ మత్తు పెట్టి, పొడవు కొలిచి, పొలుసులు లెక్కపెట్టి, ఏ జాతో రూఢి చేసుకోవడానికి పుస్తకం తెరిచాను. విశ్వవిద్యాలయం గ్రంథాలయం నుంచి సంతకం పెట్టి తెచ్చుకున్న లావుపాటి పుస్తకం. ఆ జాతి వివరాల కింద కాటు గురించి అరపేజీ ఉంది. సముద్రపు పాము కరిస్తే కరిచినచోట నొప్పి ఉండదు, వాపు ఉండదు. అరగంట మొదలు కొన్ని గంటల లోపల మెడ, తొడలు నొప్పి పుడతాయి. దవడ బిగుసుకుంటుంది. మూత్రం ముదురు రంగుకు తిరుగుతుంది. ఆ తర్వాత ఊపిరి. నేలపాముల విషానికి వాడే మందు దీనికి పనిచేయదు. కరిచినవాణ్ణి కదలనివ్వకూడదు.

ఆ వాక్యాల పక్కన పెన్సిలు గీత ఉంది. ఆ గీత నాదే. అంతకుముందు రెండుసార్లు చదివాను ఆ పేజీని. పరీక్షలో అడిగితే కామాతో సహా రాసేవాణ్ణి. సముద్రం ఒడ్డున మనిషి చెయ్యి పట్టుకున్నప్పుడు మాత్రం పుస్తకం గుర్తు రాలేదు, మా పొలం గట్టు గుర్తొచ్చింది.

నేను పని చేసుకోమన్న మనిషి గంటన్నర నుంచి వల లాగుతున్నాడు. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. కాలువ దగ్గరికి వచ్చేసరికి పడవ అవతలి ఒడ్డున ఉంది. పడవవాడు చద్దన్నం తింటున్నాడు. అరిచాను. తిని వస్తానని చెయ్యి ఊపాడు. ఒక నిజం ఒప్పుకోవాలి. అక్కడ నిలబడినప్పుడు నాకు మొదట వచ్చిన ఆలోచన మామ గురించి కాదు. పాలెంవాళ్ళు నన్నేం చేస్తారోనన్నది మొదటిది. మామ రెండోవాడు. పోలీసులు మూడు, మా నాన్న నాలుగు. ఇన్నేళ్ళయినా ఆ వరస నాకు గుర్తుంది.

తోపు దాటి ఇసుకలో పడుతూ లేస్తూ పాలెం చేరాను. మామ గుడిసె నీడలో, ఒళ్ళో వల పెట్టుకుని, గుంజకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కూర్చుని ఉన్నాడన్నదే నాకు చాలింది.

"ఏంది నాయనా, ఇట్టా పరిగెత్తుకుంటా వచ్చినావు?"

లోపలికి రమ్మని మామకూ అత్తకూ చెప్పాను. పొద్దున నేను అన్నమాట తప్పని, నొప్పి లేకపోవడమే ఈ పురుగు లక్షణమని, ఈ పూట గడిచేదాకా ఏదీ చెప్పలేమని, మందు నా దగ్గర లేదు, కోటలో డాక్టరు దగ్గరా ఉండదని. అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మామ అంతా విని ఒకటే అన్నాడు.

"మెల్లగా మాట్లాడు. పక్కనోళ్ళు వింటారు."

నెల్లూరు పెద్దాసుపత్రికి బండి కట్టిద్దామన్నాను. ఇసుకలో బండి కుదుపులకు విషం ఇంకా తొందరగా పాకుతుందేమోనన్న అనుమానమూ చెప్పాను. రెండూ ఒకే ఊపిరిలో చెప్పాను, ఏది చెయ్యాలో నాకే తెలియక. "బండెక్కితే పాలెమంతా తెలిసిపోద్ది. యాడికీ వద్దు. ఈడనే పడుకుంటా" అన్నాడాయన. ఆయన వద్దన్నందుకు నాకు లోపల్లోపల హాయిగా అనిపించింది. నిర్ణయం నా మీద లేకుండా పోయింది కదా. ఆ హాయిని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు రోత.

చాప మీద పడుకోబెట్టాం. నాకు చేతనైన పని ఒకటే, అడగడం, రాసుకోవడం. అరగంటకోసారి అడిగాను.

"మెడ నొప్పి ఉందా మామా?"

"లే."

"తొడలు పట్టేసినట్టు ఉన్నాయా?"

"లే నాయనా."

"నోరు తెరువు ఒకసారి."

తెరిచేవాడు. నేను సమయం వేసి, కింద 'నొప్పి లేదు' అని రాసేవాణ్ణి. ఆ రెండు మాటలు రాసినప్పుడల్లా నా గుండె దడ కాస్త తగ్గేది. ఇంకో పావుగంటకే మళ్ళీ మొదలయ్యేది. ఆయన కళ్ళు మూసుకుంటే భయం, తెరిచి కప్పు కేసి చూస్తుంటే భయం. ఈగ వాలితే తోలుకోలేదేమని భయం. ఆయన ఛాతీ లేస్తోందా లేదా అని చూస్తూ నేను ఊపిరి పీల్చడం మరిచిపోయేవాణ్ణి. అత్త గడపలో కూర్చుని దారినపోయేవాళ్ళు పలకరిస్తే మామూలుగా బదులు చెప్పి పంపించేది. ఎక్కడా గొంతు తడబడలేదు.

మధ్యాహ్నం ఒక చిన్న సీసా ఇచ్చి, మూత్రం పట్టివ్వమన్నాను. సిగ్గుపడ్డాడు, నవ్వాడు, గోడ పట్టుకుని మెల్లగా లేచి వెనక దడి చాటుకు వెళ్ళాడు. అత్త వెంట వెళ్ళింది. తెచ్చిన సీసాను వెలుగులో పెట్టి చూశాను. పలచటి బెల్లం పాకం రంగు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నా మొహం దాచుకోవడం నాకు రాదు. మామ ఆ మొహాన్నే చూస్తున్నాడు.

"పొద్దుట్నించి నీళ్ళు తాగలా నాయనా, అందుకే" అన్నాడు.

గంజి తాగించాం. రెండు గంటలయ్యాక మళ్ళీ సీసా ఇచ్చాను. మళ్ళీ ఇద్దరూ వెళ్ళారు. ఈసారి తెచ్చింది తేటగా, దాదాపు నీళ్ళలా ఉంది. అటూ ఇటూ తిప్పి చూశాను. తేటగానే ఉంది. నాకు ఏడుపు ఆగలేదు. అత్త రెండు చేతులూ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆమె ఏడవలేదు. నా వైపు చూడనూ లేదు. అలిసిపోయింది పాపం అనుకున్నాను.

పొద్దుగూకే వేళకు చివరి వరస రాశాను. కరిచి పదకొండు గంటలు, నొప్పి లేదు, బిగువు లేదు, మూత్రం మామూలు. సరుగుడు తోపులో నడిచి వస్తుంటే భయం ఒంట్లోంచి దిగిపోతున్నట్టు కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి. కాలువ చేరకముందే ఇంకో ఆలోచన వచ్చింది. కరిచిన పాము చేతిలో ఉండి, కాటు గుర్తు కళ్ళారా చూసి, అరగంటకోసారి రాసిపెట్టిన వివరం ఇది, ఇలాంటిది ఎవరి దగ్గర ఉంటుంది.

ప్రొఫెసరు గారు సంబరపడ్డారు. దాన్ని చిన్న వ్యాసంగా రాయించి, చివర ఆయనే ఒక వాక్యం చేర్చారు. ఈ జాతి కాటు మనుషులకు అనుకున్నంత ప్రమాదకరం కాకపోవచ్చునని. తర్వాత కొన్నాళ్ళు మామ ఒడ్డుకు రాలేదు. అడిగితే జలుబు చేసిందంది అత్త. నాకు నమ్మడం కావాలి గనక నమ్మాను.

వ్యాసం అచ్చయి వచ్చేసరికి ఏడాది పట్టింది. ఆ పత్రిక పట్టుకుని పాలెం వెళ్ళి, మామను కూర్చోబెట్టి, తెలుగులో అర్థం చెప్పాను. పేరు లేదు గానీ, యాభై ఏళ్ళ బెస్త మనిషి అని ఉన్నది నువ్వేనన్నాను.

"నాకేమయిందని రాసినావు?"

"ఏమీ కాలేదని రాశాను మామా."

"మంచి పని చేసినావు" అని ఆ కాగితాన్ని ఒకసారి తడిమి చూసి, పక్క గుడిసెవాళ్ళకు చూపించి వస్తానని పట్టుకుపోయాడు. అత్త చేపలు తోముతోంది. చెయ్యి ఆపకుండానే అంది.

"అదంతా అబద్ధం నాయనా."

నాకు అర్థం కాలేదు.

"నువ్వొచ్చేతలికే ఆయనకి మెడ తిరగటంలా. వల ఒళ్ళో పెట్టుకుని కూసున్నాడే గానీ ఒక్క ముడి ఎయ్యలా. చేతులు లేస్తే గదా. రెండోసారి నువ్విచ్చిన సీసాలో ముక్కాలు మూడొంతులు కుండలో నీళ్ళే. ఆయన పొయ్యమన్నాడు, నేను పోసినా. నువ్వు అట్టా పోయినావు, ఇట్టా దవడ బిగుసుకునింది. పళ్ళ సందున గంజి పోస్తా కూసున్నా. మూడు దినాలు తలెత్తలా."

"నాకెందుకు చెప్పలేదత్తా?"

"చెప్తే ఏం చేస్తావు? మందు లేదని నువ్వే అంటివి. ఆ మొదటి సీసా చూసినప్పుడు నీ మొగం చూస్తే, ఆయనకన్నా ముందు నువ్వే పోతావనిపించింది."

ఆమె కోపంగా అనలేదు. అంటే బాగుండేది. మామ తిరిగొచ్చాక అడిగాను. అత్త వైపు ఒకసారి చూసి, ఇసుకలో కూర్చున్నాడు.

"అయిపోయిన సంగతి. బతికినా గదా" అన్నాడు. మళ్ళీ తనే, "ఏం గాదని అందరి ముందర అంటివి నాయనా. నేనేమో నీకు పూచీ ఉంటిని. నీ మాట అబద్ధం కానిస్తే మళ్ళా నిన్ను కాలవ దాటనిస్తారా?"

ఆ రోజు నేను గుడిసెలో కూర్చుని అరగంటకోసారి ఆయన్ని అడుగుతున్నాననుకున్నాను. నిజానికి చచ్చిపోతానేమో తెలియని మనిషి నన్ను కనిపెట్టుకుని ఉన్నాడు. బిగుసుకుపోతున్న నోటిని నా కోసం తెరిచి చూపించాడు. ఆ సంగతి తెలిశాక నాకు కృతజ్ఞత కంటే ముందు భయమే వేసింది. ఎందుకంటే ఆ అబద్ధం అప్పటికే అచ్చయిపోయింది.

ప్రొఫెసరు గారికి ఉత్తరం రాశాను. ముందు డాక్టరేటు కానీయమన్నారు. ఏడాది తర్వాత ఒక ఆడమనిషి చెప్పిన మాట, గడియారం చూసి రాసిన వివరాల ముందు నిలవదన్నారు. నేను ఊరుకున్నాను. నాకు డిగ్రీ కావాలి, అదీ నిజమే. డిగ్రీ చేతికొచ్చాక నేనే పత్రిక సంపాదకుడికి సవరణ పంపాను. ఆయన మర్యాదగా జవాబిచ్చారు. మీ సవరణను బలపరిచే రాత ఏదైనా, ఆ రోజున రాసుకున్నది, మీ దగ్గర ఉందా అని అడిగారు. నోటుబుక్కు తీసి చూశాను. పేజీ నిండా నా చేతిరాతే. నొప్పి లేదు. నొప్పి లేదు. నొప్పి లేదు. లేదని జవాబు రాశాను. వాళ్ళు సవరణ వెయ్యలేదు.

నేను తర్వాత పాముల జోలికి పోలేదు, కాలేజీలో పాఠాలు చెప్పుకుని బతికాను. మామ ఇంకా చాలాకాలం వల లాగాడు. కానీ ఆ వాక్యం ఏదో ఒక గ్రంథాలయంలో ఇప్పటికీ ఉంది. ఏదో ఒక ఒడ్డున ఒక బెస్త మనిషి చేతి మీద రెండు ఎర్రచుక్కలు పడతాయి. పక్కన నాలాంటి కుర్రవాడొకడు నిలబడి ఉంటాడు. నేను పుస్తకం మరిచిపోయి ఏం కాదన్నాను. అతను పుస్తకం చూసి మరీ అంటాడు.